నీడ ఉంగురం

మామునూరు రేంజి నుంచి వ్యాను తిరిగొచ్చేసరికి
హన్మకొండల వాన.
ఎనిమిది రైఫిళ్లు, తడిసిన గోనెసంచుల వాసన,
ఖాళీ ఖోకాలు లెక్కపెడ్తున్న యాకయ్య సారు
రెండు వందల ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగి
మళ్ల మొదటినుంచి మొదలువెట్టిండు.

నా వంతుకు పదిహేడో నంబరు.
"బోల్టు తియ్యి. కండ్లను నమ్మకు,
చిటికెన వేలు పెట్టి చూడు."
పెట్టిన.
తూటా గది ఖాళీ. చల్లగున్నది,
నిద్రపోతున్న చంటిపిల్ల చెవి లెక్క.

ఇది పెద్ద తుపాకి కాదు, అంటడు ఆయన ప్రతిసారీ.
దీని తూటాకు నడుమ దెబ్బ పడదు,
అంచు మీద పడ్తది.
అంచుకు తగిల్తెనే అగ్గి.
ఊకె ఖాళీగ ట్రిగ్గర్ నొక్కితె
సూది పోయి గది అంచునే కొట్టుకుంటది,
తిండి లేనోడు నిద్రల పండ్లు కొరికినట్టు.

పుల్‌త్రూ ఇత్తడి బరువును
తూటా పోయే దిక్కునుంచే వదలాలె.
ఎదురు గుంజితె మూతి అరుగుతది.
మూతి అరిగిందా,
ఇగ అది ఎటు చూసి ఎటు ఉమ్ముతదో
దానికే ఎరుక లేదు.

మొదటి చిందీ మసి.
రెండోది సీసం పొడి,
చల్లారిన పొయ్యిల బూడిద రంగు.
మూడోది బియ్యం కడుగు.
"చాలు. కాల్చి చంపినోళ్ల కన్న
తుడిచి తుడిచి చంపినోళ్లే ఎక్కువ."
రైఫిళ్ల గురించే అన్నడు.
నవ్వలే.

నాలుగోది నూనె చిందీ.
గుంజుతున్న, గట్టిగ వస్తున్నది, గట్టిగ, గట్టిగ,
మూతికి జానెడు ఇవతల
ఒక్క అంగుళం
వదులు.
మళ్ల గట్టిగ.
ఇంకో మెట్టున్నదనుకొని చీకట్ల అడుగేసినట్టు
నా చెయ్యి ఖాళీల పడ్డది.

కిటికీ దగ్గరికి పోయిన.
వెనకదిక్కు బొటనవేలి గోరు ఆనిచ్చి
వెలుతురును లోపటికి మలిపిన.
కొత్తవాడల మా నాయిన
జంపఖానా పడుగుల తెగిన పోగును
గోరుతోటే పడ్తడు,
కండ్లు తర్వాత వస్తయి.
మూతి దిక్కునుంచి తొంగి చూస్తె
సన్నని గాడులు మెలిక తిరుక్కుంట పోతున్నయి,
పోయి పోయి ఒక్క తావున
నీడ.
గుండ్రంగ. ఉంగురమంత.

పొద్దుగాల నా నాలుగో తూటా
తుస్సుమన్నది.
చప్పుడు లేదు, భుజానికి తన్ను లేదు,
ఆవులించినట్టు.
చెయ్యెత్తి ఆపాలె. మొదటి రోజు నేర్పిన మాట.
కాని ఎంపికకు పదే తూటాలు,
పక్క చాప మీద పరకాల సుగుణ
అప్పటికే ఆరింటిని నల్ల వృత్తంల కూసోవెట్టింది.
నేను చెయ్యెత్తలే.
బోల్టు గుంజిన, ఐదోది తోసిన, నొక్కిన.
ఇరికిన సీసం మీదికి ఇంకో సీసం పోయింది.
ఉక్కు ఊపిరి బిగవట్టి, ఉబ్బింది.
కాగితం మీద పది తూటాలకు తొమ్మిది రంధ్రాలు,
అండ్ల ఒకటి పెద్దగ, చినిగినట్టు.
"ఒకే రంధ్రంల రెండు!" అన్నరు,
చప్పట్లు కొట్టిండ్రు.
నేను కూడ నవ్విన.

యాకయ్య సారు వచ్చి
నా చేతిలకెళ్లి రైఫిలు తీసుకున్నడు.
గోరు ఆనిచ్చిండు.
చాలసేపు చూసిండు.
"పదిహేడు ఎవరెవరు కాల్చిండ్రు?"
ముగ్గురం.
ఒకామె ఖోకాలు సంచిల పోస్తున్నది,
ఒకామె బూట్ల లేసులు విప్పుతున్నది,
నేను.

రిజిస్టరు తెరిచి, పెన్ను మూత పండ్లతోటి తీసి
నా దిక్కు చూడకుంటనే రాసిండు,
ముత్యాల లెక్క, ఒక్కొక్క అక్షరం:
"వెలుతురు చాలనందున
రేపు ఉదయం మరల పరీక్షించవలెను."

వాన ఎప్పుడో వెలిసింది.
కిటికీ నిండ ఎండ,
ఆ పేజీ మీద, ఆ పచ్చి సిరా మీద.

రాత్రి మగ్గం పక్కన కూసొని కండెలు చుట్టిన.
సబ్బు పెట్టి రెండుసార్లు కడిగిన
గోరు కింద నూనె వాసన పోలే.
నాయిన ఒక కండె చేతులకు తీసుకొని
బొటనవేలితోటి నొక్కి చూసి
"ఈడ వదులున్నది బిడ్డా" అన్నడు,
"ఏడ తప్పినవ్?"